అందరికీ తెలిసిన అమ్మాయి

డేనా ప్లేటో 34 ఏళ్లకే వెళ్లిపోయింది. 1999 మే 8, శనివారం. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం, మూర్ అనే ఊరు. పెళ్లాడబోయేవాడి తల్లి ఇంటి ముందు తమ ఇంటిబండిని ఆపుకుని, కాస్త నడుం వాలుద్దామని లోపలికి వెళ్లిన మనిషి మళ్లీ లేవలేదు. తెల్లవారితే అక్కడివాళ్లకు మాతృ దినోత్సవం. అయిదు రోజుల కిందటే, మే 3న, కనీవినీ ఎరగని సుడిగాలి ఆ ఊరి మీదుగా పోయి వీధులకు వీధులే తుడిచిపెట్టింది. ఊరు ఊరంతా తన శిథిలాలను తాను ఏరుకుంటున్న వారంలో, దారిన పోతూ ఆగిన ఒక నటి అక్కడ కన్నుమూసింది.

కబురు తెలిసి దేశమంతా ఉలిక్కిపడింది. ఆరేళ్లపాటు వారం వారం టీవీలోంచి నవ్వుతూ తమ ఇంట్లోకి వచ్చిన పిల్ల ఆమె. ముగింపు తెలిసిన ఇలాంటి బతుకును మొదటినుంచి చెప్పుకుంటూ వస్తుంటే, ప్రతి మలుపు దగ్గరా చెయ్యి పట్టుకుని ‘ఇటు కాదమ్మా, అటు వెళ్లు’ అనాలనిపిస్తుంది. ఏం లాభం? ఆ మలుపులన్నీ ఆమె ఎప్పుడో దాటిపోయింది.

1964 నవంబర్ 7న కాలిఫోర్నియాలోని మేవుడ్‌లో పుట్టింది. కన్నతల్లి ఇంకా పెళ్లికాని, ఈడు నిండని పిల్ల. ఏడాది తిరక్కముందే ప్లేటో దంపతులు పసిబిడ్డను దత్తత తీసుకున్నారు. ఆ దంపతులు కూడా ఎక్కువ కాలం కలిసి ఉండలేదు. డేనా పెంచిన తల్లి దగ్గరే పెరిగింది. ఏడేళ్ల వయసుకే ఆ తల్లి వేలు పట్టుకుని వ్యాపార ప్రకటనల్లో నటించడానికి వెళ్లేది. మంచు మీద స్కేటింగ్ కూడా శ్రద్ధగా నేర్చుకుంది. ఆ మంచు మీదే ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో అని ఒక్క క్షణం ఆగుతాను. పడితే లేవడం నేర్పే ఆట కదా అది!

1978 నవంబర్ 3న ఎన్‌బీసీలో ‘డిఫరెంట్ స్ట్రోక్స్’ అనే హాస్య ధారావాహిక మొదలైంది. డేనాకు 14 ఏళ్లు నిండడానికి ఇంకా నాలుగు రోజులుంది. న్యూయార్క్‌లో పార్క్ అవెన్యూ మీద ఉండే ఒక ధనికుడు, భార్య పోయినవాడు, తన ఇంట్లో పనిచేసి చనిపోయిన హార్లెమ్ మహిళ కొడుకులిద్దరినీ తెచ్చి పెంచుకుంటాడు. ఆ నల్లజాతి పిల్లలుగా గ్యారీ కోల్‌మన్, టాడ్ బ్రిడ్జెస్ నటించారు. తండ్రి కాన్రాడ్ బెయిన్. ఆయన సొంత కూతురు కింబర్లీ మన డేనా. పెంపుడు పిల్లలకు ఆ ఇంట్లో చోటు చూపించి, ఇది మీ ఇల్లే అని చెప్పే అక్క పాత్ర అది. నిజ జీవితంలో పెంపుడు బిడ్డ అయిన పిల్లకు, నలుగురున్న ఆ తెర కుటుంబంలో రక్తసంబంధం వేషం దక్కింది. ఆ వేషాన్ని ఆమె ఎంత హాయిగా, ఎంత చనువుగా వేసిందంటే, చూసినవాళ్లకు అది వేషమని తోచలేదు. తక్కినవాళ్లు నవ్వించడానికి ఉన్నారు. ఆమె ఉన్నది ఆ ఇల్లు ఇల్లులా అనిపించడానికి.

సెట్టు బయట సంగతి వేరు. తారగా వెలుగుతున్న ఆ ఏళ్లలోనే తాగుడూ, గంజాయీ, కొకెయినూ అలవాటయ్యాయని తరువాత ఆమే చెప్పుకుంది. చుట్టూ పెద్దవాళ్లు లేరా? బోలెడుమంది ఉన్నారు. డైలాగులు దిద్దే పెద్దలు, జుట్టు దువ్వే పెద్దలు, డబ్బు లెక్కలు చూసే పెద్దలు. ఆ వారం బొమ్మ బాగా వచ్చిందా లేదా అన్నదే వాళ్ల దిగులు. బొమ్మ బాగానే వచ్చేది.

1984 నాటికి ఆమె గర్భవతి. ఆ ఏడాదే పెళ్లి చేసుకుంది. మంచి ఇంటి మంచి పిల్లగా దేశం ముద్దు చేస్తున్న కింబర్లీకి ఆ స్థితి నప్పదు. కథలో కింబర్లీని చదువుకోసం పారిస్ పంపించేశారు. అసలు మనిషికి ఆ జులైలో కొడుకు పుట్టాడు. అప్పటికామెకు 19 ఏళ్లు. అడపాదడపా అతిథిగా పిలిచారు. 1986లో వచ్చిన ఒక భాగంలో కింబర్లీ తిన్నదంతా చాటుగా కక్కుకునే జబ్బుతో బాధపడుతుంది. నవ్వే ముఖం వెనక రోగాన్ని దాచుకున్న అమ్మాయి! అరగంటలో ఇంటిల్లిపాదీ ఆమె చుట్టూ చేరి ఆదుకుంటారు. అటువంటి అరగంట బయట ఒక్కటైనా దొరికి ఉంటే, అనుకోకుండా ఉండలేం.

1988 జనవరిలో పెంచిన తల్లి స్క్లెరోడెర్మా వ్యాధితో పోయింది. అదే నెలలో భర్త విడిపోయాడు. ఊపిరాడని ఆ రోజుల్లో తన డబ్బు వ్యవహారాల మీద సర్వాధికారాలూ లెక్కలు చూసే మనిషికి రాసి ఇచ్చింది. సంపాదించినదంతా అలా కరిగిపోయిందనీ, చేతికేమీ మిగల్లేదనీ ఆమె తరువాత చెప్పింది. గ్యారీ కోల్‌మన్ తన సంపాదన కోసం కన్నవాళ్ల మీదే దావా వేసి 1993లో గెలవాల్సి వచ్చింది. బాల నటుల ఆదాయంలో నూటికి 15 వంతులు తప్పనిసరిగా వాళ్ల పేరిట దాచాలని కాలిఫోర్నియా తన పాత చట్టాన్ని బిగించింది 2000 జనవరి నుంచి. డేనా పోయిన ఎనిమిది నెలలకు.

డబ్బు పోయింది, పని రాలేదు. విడాకుల్లో కొడుకు కూడా తండ్రి దగ్గరికి వెళ్లిపోయాడు. చిన్నపిల్ల కాదని నిరూపించుకోవడానికి 1989 జూన్ ‘ప్లేబాయ్’ పత్రికలో నగ్నంగా కనిపించింది. దానివల్ల కూడా పిలుపులు రాలేదు. లాస్ వేగాస్ చేరి బట్టలుతికే దుకాణంలో పనికి కుదిరింది. చాలామంది ఈ సంగతిని పతనంగా రాశారు. నాకలా అనిపించదు. ఒళ్లు వంచి పని చేసుకోవడంలో పతనమేముంది? నన్నడిగితే ఆమె బతుకులో గౌరవంగా నిలబడిన రోజులవి. అలాగే మరో ఏడాది సాగి ఉంటే బావుండేది. సాగలేదు.

1991 ఫిబ్రవరి 28న ఒక వీడియో దుకాణంలోకి వెళ్లి, గుండ్లు పేల్చే బొమ్మలాంటి తుపాకీ చూపించి గల్లాలో డబ్బులిమ్మంది. దొరికింది 164 డాలర్లు. గుమాస్తా పోలీసులకు ఫోన్ చేసి, ‘డిఫరెంట్ స్ట్రోక్స్’లో కింబర్లీగా వేసిన అమ్మాయి ఇప్పుడే దోచుకుపోయిందని చెప్పింది. ముఖం చూడగానే ఆనవాలు పట్టేసింది. తెలియని దొంగల్ని పట్టుకోవాలంటే పోలీసులకు వారాలు పడుతుంది. దేశమంతా ఎరిగిన ముఖానికి దాగడానికి చోటేది? డేనా పారిపోలేదు కూడా. కాసేపటికి తిరిగి అక్కడికే వచ్చి పట్టుబడింది. ఆ తిరిగి రావడం ఎందుకో ఎవరికి తోచింది వాళ్లు రాశారు. ఎవరైనా ఆపుతారేమోనని వచ్చిందని నాకనిపిస్తుంది.

లాస్ వేగాస్ గాయకుడు వేన్ న్యూటన్ 13,000 డాలర్ల జామీను కట్టి విడిపించాడు. కోర్టు దయ చూపింది: చెరసాల కాదు, అయిదేళ్ల ప్రొబేషన్. బాగుపడడానికి ఒక తలుపు నిజంగానే తెరుచుకుంది. నిలవలేదు. ఏడాది తిరక్కుండా, 1992 జనవరిలో, వేలియం మాత్రల కోసం డాక్టరు చీటీని దొంగగా రాసిందని మళ్లీ అరెస్టు చేశారు. 30 రోజుల జైలు, ఆ తరువాత చికిత్సాలయం. బయటికొచ్చాక దొరికినవి చౌక సినిమాలు. 1987లో ఎప్పుడో నటించి మరిచిపోయిన ‘నైట్ ట్రాప్’ అనే వీడియో గేమ్ 1992లో విడుదలై, మరుసటి ఏడాది హింస గురించి అమెరికా సెనేట్ విచారణలో నానా మాటలూ పడింది. 1998లో ఒక శృంగార చిత్రం ఆమె పాత ధారావాహిక పేరునే తగిలించుకుంది. పద్నాలుగేళ్ల కింబర్లీని అమ్మడం ఇంకా అయిపోలేదన్నమాట.

ఇక 1999 మే 7. పచ్చి మాటలకు పేరుపడ్డ హోవర్డ్ స్టెర్న్ రేడియో కార్యక్రమానికి వెళ్లింది. తేరుకున్నానని, పెళ్లి చేసుకోబోతున్నానని, మత్తు మానేసి పదేళ్లు దాటిందని చెప్పింది. శ్రోతలు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. అబద్ధాలాడుతున్నావని కొందరు నిలదీశారు. ఇప్పుడు కూడా మత్తులోనే ఉన్నావని ఎగతాళి చేశారు. పాపం, మంచిగా మాట్లాడినవాళ్లు కూడా ఉన్నారు. ఆ మాటలకు ఆమె ఏడ్చింది. కావాలంటే నా జుట్టు తీసి పరీక్ష చేసుకోండి అంది. నిజం చెబుతున్నానా లేదా అని ఒక ఆడమనిషి తలవెంట్రుకలు పందెంగా ఒడ్డుతుంటే వినోదంగా విన్న దేశం అది. ఆ గంటలో మైకులు ఆపేసి, ఇక చాలు, ఇంటికి వెళ్లమ్మా అని ఒక్కరు అని ఉంటే? అది ఆఖరి మలుపు. మర్నాడే మూర్. మందుల మోతాదు మించిందని తేలింది. అధికారులు ఆత్మహత్యగా నమోదు చేశారు.

తల్లి పోయేనాటికి కొడుకుకు పద్నాలుగేళ్లు. 2010 మే 6న, ఆమె వర్ధంతికి రెండు రోజుల ముందు, అతనూ తన ప్రాణం తానే తీసుకున్నాడు. 25 ఏళ్లు. అదే నెల 28న గ్యారీ కోల్‌మన్ 42 ఏళ్లకు చనిపోయాడు. తెర మీది తండ్రి కాన్రాడ్ బెయిన్‌కు అప్పటికి 87 ఏళ్లు. ఇద్దరు తెర బిడ్డల చావులు చూశాక 2013 జనవరిలో ఆయనా వెళ్లిపోయాడు.

మిగిలింది టాడ్ బ్రిడ్జెస్. అవే చప్పట్లు, అదే మత్తు, డేనా కంటే పెద్ద ఆపద: హత్యాయత్నం నేరం మీద కోర్టు బోనెక్కాడు, నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ తరువాత కూడా జారిపడ్డాడు. 1990ల మొదట్లో మత్తు మానేశాడు, మళ్లీ దాని జోలికి పోలేదంటాడు. డేనా అరెస్టయి, విడుదలై, చికిత్సకు వెళ్లి వచ్చిన ఏళ్లు కూడా సరిగ్గా అవే.