బావంచాలకు ఎండ తోడైతే

సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి ఎదుటి వైపు, ఎర్రగడ్డలో యునాని పరిశోధన సంస్థ ఉంది. బొల్లి మచ్చలకు మందు కోసం ఎక్కడెక్కడి నుంచో జనం అక్కడికి వస్తారు. ఉద్యోగమంతా క్రోమోజోముల ల్యాబ్‌లో గడిపినదాన్ని కనుక, ఆ ఆసుపత్రి వరసలు చూస్తే నాకు బావంచాలే తలపుకొస్తాయి.

బావంచాల గింజలను బొల్లికి హకీములూ వాడారు, ఆయుర్వేద వైద్యులూ వాడారు. ఆ గింజల మందు పూసి ఎండలో కూర్చోమనేవారు. ఎండ ఎందుకో తేలడానికి చాలా కాలం పట్టింది. 1933లో జోయిస్, మంజునాథ్, వెంకటరావు ఈ గింజల రసాయనాలను పరిశీలించి సొరాలెన్‌ను వేరుచేశారు. 1940లలో కైరోలో డాక్టర్ ఎల్ మోఫ్తీ మరో మొక్కలోని ఇలాంటి పదార్థంతోనే బొల్లికి వైద్యం చేశాడు.

సొరాలెన్ డీఎన్‌ఏ మెట్ల మధ్య దూరుతుంది. చీకట్లో అయితే మళ్లీ బయటికి వచ్చేయగలదు. ఎండలోని అతినీలలోహిత కాంతి తగిలిందా, రెండు పోగులనూ కలిపి కుట్టేస్తుంది. పోగులు విడిపోనిదే కణం రెండు కాలేదు. మచ్చకు రంగు తెప్పించడానికి కావలసిన కాంతే జన్యువును గాయపరుస్తుంది. అందుకే ఇలాంటి మందును చీకట్లో మాత్రమే పరీక్షించి మంచిదని రాసిస్తే నేను ఒప్పుకోను.

మా పద్ధతి ఇదీ. రక్తాన్ని 37 డిగ్రీల దగ్గర మూడు రోజులు పెంచుతాం. అందులోని తెల్లకణాలు వాటంతటవి విభజన చెందవు. రాజ్మా గింజల నుంచి తీసే ప్రొటీన్ కలిపితేనే కదులుతాయి. చివర్లో కోల్చిసిన్ వేసి విభజనను నడిమధ్యలో ఆపుతాం. మన అడవినాభి దుంపలో ఉండే విషమే అది. మొక్క చేసే చేటు తెలుసుకోవడానికి మరో రెండు మొక్కల సాయం! ఆపైన జీమ్సా రంగు వేసి, 46 క్రోమోజోముల్లో విరుగుళ్ల కోసం వెతుకుతాం. అంతకన్నా ముందు, పరీక్షించే మందు ఏ మోతాదుకు ఎన్ని కణాలు చచ్చాయో లెక్కపెట్టాలి. చావబోయే కణంలోనూ విరుగుళ్లు కనిపిస్తాయి, వాటిని జన్యునష్టం కింద రాస్తే తప్పు.

మొక్కలన్నీ ఇలాంటివేనని కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1992లో ప్రచురించిన అధ్యయనంలో, 16 మంది పొగతాగేవాళ్లకు రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు చొప్పున 30 రోజులు ఇస్తే, మూత్రంలో జన్యుమార్పులు తెచ్చే పదార్థాలు తగ్గాయి.

బావంచాల నూనె సీసా పట్టుకుని మా వీధివాళ్లు వస్తుంటారు. డాక్టరుకు చూపించకుండా పూసుకోవద్దంటాను. ఎన్ని నిమిషాలు ఎండలో ఉండాలో కాగితం మీద రాయించుకోమంటాను. ఎండ ఎక్కువైతే చర్మం బొబ్బలెక్కుతుంది.