వాదాల నుండి, పాటల నుండి: మొరేవియన్ సంఘము తన కేంద్రమును కాపాడుకొన్న విధము (1722–1778)

మొరేవియన్ సంఘమనగానే మనలో చాలామందికి నూరేళ్ళకు పైగా సాగిన ప్రార్థన గొలుసు, కుమ్మరి పని మాని మిషనరీగా ఓడ ఎక్కిన యువకుడు గుర్తుకు వస్తారు. ఉజ్జీవ కూటాల్లో ఈ సంగతులు తరచు వింటూ ఉంటాము. అయితే ఈ సంఘము తన మొదటి ముప్పై ఏళ్ళలోనే రెండుసార్లు గురి తప్పింది. మొదటిసారి వాదాల వల్ల, రెండవసారి పాటల వల్ల. రెండవదే ఎక్కువ ప్రమాదకరమని మా అభిప్రాయము. ఎందుకంటే ఆ రోజుల్లో వారి నోట క్రీస్తు సిలువ తప్ప మరొక మాట లేదు.

ఈ సంఘపు వేళ్ళు 1457 నాటి బొహీమియాలో ఉన్నాయి. జాన్ హస్ బోధను అనుసరించినవారు కున్వాల్డ్ గ్రామంలో కూడి 'సహోదరుల ఐక్యత' అనే సహవాసముగా ఏర్పడ్డారు. వారి వేదాంతులలో ముఖ్యుడు ప్రాగ్ నగర వాసి లూకా (మరణం 1528). సంఘ విషయాలను మూడు వరుసలుగా చూడడం వారి వేదాంతములో స్థిరపడింది. తండ్రి కృప, కుమారుని విమోచన, ఆత్మ వరములు, వీటికి ప్రతిగా మనిషిలో కలిగే విశ్వాసము, ప్రేమ, నిరీక్షణ ఆవశ్యకమైనవి. లేఖనము, సంస్కారములు, బోధ, క్రమశిక్షణ ఆవశ్యకమైనవాటికి పరిచర్య చేసేవి. ఆరాధన పద్ధతులు, ఆచారాలు సందర్భాన్ని బట్టి మారేవి. లేఖనమును రెండవ వరుసలో ఉంచడం మన పాఠకులలో కొందరికి మింగుడు పడకపోవచ్చు. దానిని తగ్గించడం వారి ఉద్దేశము కాదు. లేఖనము మనలను ఎవరి యొద్దకు నడిపిస్తుందో ఆయనే గమ్యమని వారి భావము.

1620లో తెల్లకొండ యుద్ధం తరువాత ఈ సంఘము అణచివేయబడింది. నూరేళ్ళ తరువాత, మొరేవియాలో రహస్యంగా విశ్వాసాన్ని నిలుపుకొన్న కొన్ని కుటుంబాలు వడ్రంగి క్రిస్టియన్ డేవిడ్ వెంట సరిహద్దు దాటి, సాక్సనీలోని జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు ఎస్టేటుకు చేరాయి. 1722 జూన్ 17న తొలి చెట్టు నరికి హెర్న్‌హూట్ గ్రామానికి పునాది వేశారు. ఐదేళ్ళలో అక్కడ సుమారు మూడు వందల మంది చేరారు. మొరేవియన్లతో పాటు లూథరన్లు, రిఫార్మ్డ్ వారు, ఏ సంఘమూ గిట్టనివారు కూడా వచ్చారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పట్టుదల. 1726లో క్రూగర్ అనే వ్యక్తి వచ్చి, ప్రకటన గ్రంథంలోని మృగము జిన్‌జెన్‌డార్ఫే అనీ, అబద్ధ ప్రవక్త స్థానిక పాస్టరు రోతె అనీ ప్రచారం చేశాడు. నమ్మినవారూ ఉన్నారు. తమకు ఆశ్రయమిచ్చినవానినే మృగమని పిలిచే స్థితికి ఆ ఊరు వచ్చింది.

జిన్‌జెన్‌డార్ఫ్ డ్రెస్డెన్‌లోని ఉద్యోగాన్ని ప్రక్కన పెట్టి ఆ ఊరిలోనే కాపురం ఉన్నాడు. ఇంటింటికీ వెళ్ళి మాట్లాడాడు. 1727 మే 12న రెండు పత్రాలను ప్రజల ముందుంచాడు. ఒకటి భూస్వామిగా ఆయన విధించిన ఊరి కట్టుబాట్లు. రెండవది విశ్వాసులు ఇష్టపూర్వకంగా చేసికొన్న సహోదర ఒడంబడిక. అన్ని సంఘాలలోనూ ఉన్న దేవుని పిల్లలను ప్రేమించాలనీ, భేదాభిప్రాయం గలవారికి తీర్పు తీర్చరాదనీ, అయితే సువార్త విషయములో తాము జారిపోరాదనీ దాని సారాంశము. పన్నెండుమంది పెద్దలు ఎన్నుకోబడ్డారు.

ఆ ఏడు ఆగస్టు 13న బెర్తెల్స్‌డోర్ఫ్ చర్చిలో ప్రభురాత్రి భోజన సమయాన కలిగిన ఆత్మ కుమ్మరింపును అందరూ ప్రస్తావిస్తారు. మే 12ను చెప్పేవారు తక్కువ. ఆ మూడు నెలల ఓపికైన పనిని విడిచి ఆగస్టు 13ను మాత్రమే బోధించడం చరిత్రకు న్యాయం కాదు. ఉజ్జీవానికి ముందు సంతకాలు ఉన్నాయి.

1731లో, ప్రత్యేక సంఘముగా ఉండక లూథరన్ సంఘములో కలిసిపోదామని జిన్‌జెన్‌డార్ఫ్ ప్రతిపాదించాడు. చీట్లు వేశారు. ఆయన పసికుమారుడు క్రిస్టియన్ రెనాటస్ తీసిన చీటీలో 2 థెస్స. 2:15 ఉంది. వారు ప్రత్యేక సంఘముగానే నిలిచారు. కాని అలా నిలిచింది తమను తాము కాపాడుకోవడానికి కాదని మరుసటి ఏడే తేలింది. హాలేలో చదివే రోజుల్లోనే జిన్‌జెన్‌డార్ఫ్ తరంగంబాడి మిషను వార్తలు విన్నాడు. (1719లో తరంగంబాడికి వచ్చి, తరువాత తెలుగు బైబిలు అనువాదానికి పూనుకొన్న బెంజమిన్ షుల్జ్ కూడా హాలే నుండి వచ్చినవాడే.) 1732 ఆగస్టు 21న కుమ్మరి లియోనార్డ్ డోబర్, వడ్రంగి డేవిడ్ నిట్ష్‌మన్ హెర్న్‌హూట్ నుండి సెయింట్ థామస్ ద్వీపంలోని బానిసల యొద్దకు బయలుదేరారు. మరుసటి ఏడు మరికొందరు గ్రీన్‌లాండ్ వెళ్ళారు.

ఇక్కడ ఒక చేదు సత్యం చెప్పక తప్పదు. 1738లో సెయింట్ థామస్ మిషను తానే ఒక తోటను, దానిలోని బానిసలతో సహా కొన్నది. 1739లో అక్కడికి వచ్చిన జిన్‌జెన్‌డార్ఫ్, మారుమనస్సు పొందినంత మాత్రాన బానిస స్థితి మారదని వారికి బోధించాడు. ఆ ద్వీపాలలో బానిసత్వం రద్దయినది 1848లో. 'ఇది ఆవశ్యకము కాదు' అనే మాట ఎవరి నోట, ఎవరి గురించి వస్తున్నదో చూడాలి. సంకెళ్ళు తన చేతులకు లేనివానికి అవి రెండవ వరుస విషయంగానే కనబడతాయి.

గ్రీన్‌లాండ్‌లో ఐదేళ్ళపాటు ఫలితం దాదాపు లేదు. 1738లో ఒకరోజు జాన్ బెక్ సువార్తలోని గెత్సేమనే భాగాన్ని అక్కడి భాషలో చదివి వినిపించగా, కాజర్నక్ అనే వ్యక్తి ముందుకు వచ్చి ఆ మాట మరల చెప్పమన్నాడు. 1739 ఈస్టరున అతడు కుటుంబంతో బాప్తిస్మము పొందాడు. నాటి నుండి క్రీస్తు శ్రమ వారి బోధలో మొదటి మాట అయింది.

అదే మాట 1740లలో హెర్న్‌హాగ్‌లో ఏమైందో చూడండి. 1738లో జర్మనీలోని వెట్టరావు ప్రాంతంలో స్థాపించబడిన ఈ కాలనీలో సుమారు వెయ్యిమంది నివసించేవారు. అవివాహిత యువకుల నాయకుడు, చిన్ననాడు ఆ చీటీ తీసిన క్రిస్టియన్ రెనాటస్. ప్రభువు ప్రక్క గాయమును గూడుగా, ఇల్లుగా వర్ణించే పాటలు అల్లారు. తమను సిలువ గాలిలో ఎగిరే చిన్న పిట్టలుగా పిలుచుకొన్నారు. పుట్టినరోజు పండుగలకు దీపాలంకారాలు, వాద్యాలు, బొమ్మల ప్రదర్శనలు జరిగేవి. ఖర్చు పెరిగింది. బయటివారి విమర్శను అవిశ్వాసుల మాటగా త్రోసివేశారు. చిన్నపిల్లల సరళత్వాన్ని ప్రోత్సహించినవాడు జిన్‌జెన్‌డార్ఫే గనుక బాధ్యతలో ఆయనకు పెద్ద భాగమే ఉంది. స్థిరబుద్ధి గల స్పాంగెన్‌బెర్గ్ ఆ కాలంలో పెన్సిల్వేనియాలో ఉన్నాడు.

కాజర్నక్ విన్న గాయములే వీరూ పాడారు. సిద్ధాంతములో తేడా చూపడం కష్టం. తేడా అల్లా ఎవరికి చెప్పబడుతున్నది అన్నదే. గ్రీన్‌లాండ్‌లో ఆ మాట వినని వానికి చెప్పబడింది. హెర్న్‌హాగ్‌లో విన్నవారే ఒకరికొకరు, మరింత తియ్యగా, మరల మరల చెప్పుకొన్నారు. క్రీస్తు గాయములను పాడుతూ తమ అనుభూతినే ఆరాధించడం సాధ్యమని వారు కనిపెట్టలేకపోయారు.

1749 ఫిబ్రవరిలో జిన్‌జెన్‌డార్ఫ్ సంఘాలన్నిటికి కఠినమైన మందలింపు లేఖ పంపి, కుమారుణ్ణి బాధ్యతల నుండి తొలగించి లండన్‌కు పిలిపించాడు. 1750లో స్థానిక పాలకుడు, జిన్‌జెన్‌డార్ఫ్‌తో తెగతెంపులు చేసుకొని తనకు విధేయతా ప్రమాణం చేయండి, లేదా మూడేళ్ళలో ఊరు విడవండి అన్నాడు. వారు ఊరు విడిచారు. యువకులలో చాలామంది పెన్సిల్వేనియాలోని బెత్లెహేముకు వెళ్ళి, అడవి కొట్టి పొలం చేసే పనిలో, మిషను పనిలో చేరారు. 1753లో లండన్‌లో సంఘము దివాలా అంచు వరకు వెళ్ళింది. 1760లో జిన్‌జెన్‌డార్ఫ్ మరణించాక స్పాంగెన్‌బెర్గ్ మొదలైనవారు 1764 మారియెన్‌బోర్న్ సినడు నుండి అప్పులను, పరిపాలనను, బోధను వరుసగా చక్కదిద్దారు. అది ఆకర్షణ లేని పని. లెక్కల పుస్తకాల పని.

వారు గాయముల పాటలను తగులబెట్టలేదు. క్రిస్టియన్ గ్రెగోర్ 1778లో కూర్చిన కీర్తనల పుస్తకంలో వెగటైన మాటలను తొలగించి, శ్రమను స్తుతించే పాటలను ఉంచాడు. 1752లో 24 ఏళ్ళకే లండన్‌లో మరణించిన క్రిస్టియన్ రెనాటస్ పాటలకూ అందులో చోటు దొరికింది.