యంత్రము కొనుటకు ముహూర్తము

చిత్రకారుడు గాని, చలనచిత్రముల కూర్పరి గాని, గ్రంథకర్త గాని తన కృషికి దీటైన లాప్‌టాపును కొనదలచినపుడు, "నేడే కొందునా, రానున్నదానికై వేచియుందునా" యను సందేహము వెన్నాడక మానదు. ఇది నేటి సందేహము కాదు. చేత మోసికొనిపోదగిన కంప్యూటరుతోడనే పుట్టిన దీనికి, ఆ యంత్రముల చరిత్రయందే సమాధానమును గలదు.

రమణ మహర్షి భక్తుడైన ఆర్థర్ ఓస్‌బోర్న్ కుమారుడై, తిరువణ్ణామలైలో బాల్యము గడపిన ఆడమ్ ఓస్‌బోర్న్, అమెరికా చేరి, 1981 ఏప్రిలులో తన పేరిట నట్టి కంప్యూటరు నొకదానిని లోకమునకు చూపెను. దాని బరువు సుమారు 11 కిలోలు. వెల 1,795 డాలర్లు. పెట్టె మూతయే కీబోర్డు; దానిని దించినచో 5 అంగుళముల తెర కానవచ్చును. ఆ తెరపై వరుసకు 52 అక్షరములే పట్టుటచే, పొడవైన పంక్తిని చదువగోరిన రచయిత తెరలోని దృశ్యమును ప్రక్కకు జరుపుకొనుచు పోవలసియుండెను. ఐనను, వ్రాతకు వర్డ్‌స్టార్, లెక్కలకు సూపర్‌కాల్క్ ఆ వెలలోనే లభించి, కొన్ననాడే పని మొదలగుటచే, జనులు దాని నాదరించిరి.

1983 తొలిదినములలో, అంతకంటె మేలైన 'ఎగ్జిక్యూటివ్' రానున్నదని ఓస్‌బోర్న్ సంస్థ ముందుగా చాటెను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ మన్నట్లు, రాని యంత్రమునకై ఉన్న యంత్రమును కొనువారు లేకపోయిరి. ఆ సెప్టెంబరులో సంస్థ దివాలా తీసెను. అదే వెలకు పెద్దతెరతో వచ్చిన కేప్రో, ఐబీఎం సాఫ్ట్‌వేరును నడపగల కాంపాక్ యంత్రములు ఈ పతనమునకు తోడైనను, "ఓస్‌బోర్న్ ప్రభావ" మను మాట వ్యాపారపరిభాషలో నిలిచిపోయినది.

ఇట్టి నిరీక్షణకు అంతమున్నదా? చిప్పుపై నిముడు భాగముల సంఖ్య ఏటేట రెట్టింపగునని 1965లో చెప్పిన గార్డన్ మూర్, 1975లో ఆ గడువును రెండేండ్లకు సవరించెను. ఈ వేగమున సాగిన పరిశ్రమలో, ఎంతకాలము వేచినను, అంతకు మేలైనది మరియొకటి ముందుండనే యుండును. కావున కేవలము వేగవృద్ధికై నిరీక్షించుటకు అంతము లేదు.

వేచుటయే వివేకమైన సందర్భము లేకపోలేదు. పవర్‌పీసీని విడిచి ఇంటెల్ ప్రాసెసర్లకు మారుదుమని ఆపిల్ 2005 జూనులో ప్రకటించిన పిమ్మట పాత తరగతి లాప్‌టాపును కొన్నవారికి, 2009లో వచ్చిన స్నో లెపర్డ్ ఆపరేటింగ్ సిస్టమున చోటే లేకపోయెను. అట్లని తొందరపడి 2006 జనవరిలో ప్రకటితమైన మాక్‌బుక్ ప్రోను కొన్న చిత్రకారుడును సుఖపడలేదు. దానికై వ్రాయబడిన ఫోటోషాప్ 2007 వసంతమున గాని రాలేదు. అంతవరకు పాతదానినే రొసెట్టా యను అనువాదక సాఫ్ట్‌వేరు ద్వారా మందగతిని నడపుకొనవలసివచ్చెను. ఫైనల్ కట్ ప్రోతో పనిచేయు కూర్పరికి మాత్రము తగిన సాఫ్ట్‌వేరు 2006 వసంతముననే అందెను. యంత్ర మొక్కటే, ముహూర్తము వృత్తివృత్తికి వేరు.

2020 నవంబరులో ఆపిల్ వారి ఎం1 చిప్పుతో ఈ కథయే పునరావృత్తమయ్యెను. ఆ చిప్పునకు తగిన ఫోటోషాప్ 2021 మార్చిలోను, కూర్పరులు వాడు ప్రీమియర్ ప్రో జూలైలోను వెలువడెను.

కావున, కొనగోరువారు ప్రకటనలను గాక, తాము నిత్యము వాడు సాఫ్ట్‌వేరును ప్రమాణముగా గొనుట మేలు. అది కొత్త యంత్రమున సహజముగా నడచుచున్నదా, చేతనున్న యంత్రము పనికి అడ్డుపడుచున్నదా యని విచారింపుడు. రెండింటికిని ఔనను సమాధానము వచ్చిననాడు, రాబోవుదాని ఊసు విడిచి, నిస్సంశయముగా కొనుడు.