మొలన దోపిన కత్తి: రాచర్ల చరిత్రకు ఒక ఆధారం

ఊరి చరిత్ర అనగానే గుడి దగ్గరో చెరువు గట్టు మీదో మొదలుపెట్టడం మనకు అలవాటు. రాచర్లకు అలాంటి ఆధారాలు తక్కువేం కాదు. నెమలిగుండ్ల రంగనాయకస్వామి ఉన్నాడు, నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ నది ఉంది, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాతో ముడిపడ్డ గతం ఉంది. అయితే అడవి అంచున మేకలు కాసినవాళ్లు, కంది కోసినవాళ్లు, వెదురు కొట్టినవాళ్లు, తేనె దించిన చెంచులు శాసనాలు వేయించలేదు. వాళ్ల చరిత్ర ఇనుములో ఉంది. మొలన దోపుకునో భుజాన వేసుకునో వాళ్లు పనికి తీసుకెళ్లిన కత్తి ఆయుధం కాదు, వృత్తికి రుజువు. ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలచిన మాట అదే.

రుజువు ఆకారంలోనే కనిపిస్తుంది. గడ్డి, పైరు కోసే కొడవలి పలచన. దాని అంచుకు సన్నని కక్కు ఉంటుంది. కంపను నరికే మచ్చుకత్తికి కక్కు పనికిరాదు, వీపు మందం కావాలి, బరువంతా ముందుకు ఉండాలి. మేకలకు మండలు దించే కాపరి కొడవలిని పొడుగాటి దోటికి కట్టుకుంటాడు, దానికి వంపే ప్రాణం. ఈ తేడాలన్నీ కొలిమి దగ్గరే తేలాలి. లారీ కమాను పట్టీ ముక్కను ఎర్రగా కాల్చి, ఒకరు పటకారుతో దాకలి మీద తిప్పుతుంటే ఇంకొకరు సమ్మెట వేస్తారు. ఆ పట్టీలో కర్బనం అర శాతం పైచిలుకు ఉంటుంది కాబట్టే పదును నిలుస్తుంది. కాక చూసి అంచును మాత్రమే నీళ్లలో ముంచితే అంచు గట్టిపడుతుంది, వీపు మెత్తగా ఉండి దెబ్బను ఓర్చుకుంటుంది. మొత్తం ముంచితే రాయి తగిలిన రోజున కత్తి పెళుక్కుమంటుంది. ఏ పనికి ఎంత కాక అన్న లెక్క కమ్మరిదైతే, ఏ చెట్టుకు ఎంత వంపు అన్న లెక్క పనివాడిది. ఇద్దరి తెలివీ కలిస్తేనే పనికొచ్చే కత్తి అవుతుంది.

కత్తి ఆయుధం కాదన్న మాటకు మొదటి అభ్యంతరం మన పక్క రాయలసీమ నుంచే వస్తుంది. వేటకొడవలి పేరు చెబితే సినిమా ప్రేక్షకుడికి ముఠా కక్షలే గుర్తొస్తాయి. కత్తితో నెత్తురు కారిన మాట అబద్ధం కాదు. కానీ ఒక పనిముట్టు నేరంలో దొరికినంత మాత్రాన అది నేరం కోసమే పుట్టిందనడం న్యాయం కాదు. చట్టం కూడా ఆ మాట అనలేదు. 1959 ఆయుధాల చట్టం ఆయుధాన్ని నిర్వచిస్తూనే ఇంటి పనికి, వ్యవసాయానికి మాత్రమే తయారైన వస్తువులను పక్కన పెట్టింది. దాని కింద 1962లో వచ్చి 2016 దాకా అమలైన నియమాలు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తులను ఆయుధాల పట్టీలో చేర్చినా, అక్కడా వ్యవసాయ పనిముట్లకు మినహాయింపు ఇచ్చాయి. అంటే ఆ చట్టం పొడవుతో ఆగక, కత్తి ఎందుకు పుట్టిందని కూడా అడుగుతోంది.

ఇంతకంటే బరువైన అభ్యంతరం అడవి వైపు నుంచి ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధాల్లో కత్తినీ చేర్చింది, ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగు పెట్టకూడదంది. గిద్దలూరు వైపు నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఉంది కాబట్టి ఇది మనకు దూరపు మాట కాదు. ఉచ్చులు, వేట నిజమే కనుక ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం. కానీ 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించిన చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురూ తేనే రెండూ ఉన్నాయి. వెదురును చేత్తో విరిచి తెచ్చుకోలేరు కదా! సేకరించే హక్కు ఉందని ఒప్పుకున్న చోట దానికి తగిన పనిముట్టునూ ఒప్పుకోవాలి. అనుమతి పత్రంలో ఏ పనికి ఏ కత్తి అని రాసుకుంటే జంతువుకూ రక్షణే, మనిషికీ మర్యాదే.

బజారులో చవకగా దొరికే కత్తి ఉండగా కొలిమి ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. వంటింటి మట్టుకు ఆ మాట సరే. పొలంలో మాత్రం కత్తి ధరతో పాటు దాని మరమ్మతునూ లెక్కవేయాలి. కక్కు అరిగితే మళ్లీ కొట్టించాలి, పిడి వదులైతే బిగించాలి. ఊరి పనివాళ్లకు పంటలో వాటా ఇచ్చిన ఆయగాండ్ర రోజుల్లో కమ్మరికి కళ్లంలో గింజలు కొలిచింది ఏడాది పొడుగునా సాగే ఈ పనికే, ఒక్క కత్తి వెలకు కాదు.

మరి పాత కత్తులేవీ అంటే, జవాబు కొలిమిలోనే ఉంది. అరిగిన ఇనుమును ఎవరూ పారేయలేదు. పెద్ద కత్తి అరిగి చిన్న కత్తయింది, చివరికి ఇంకో పనిముట్టులో కలిసిపోయింది. రాతి మీది అక్షరం నిలిచినట్టు పనిచేసిన ఇనుము నిలవదు. అందుకే రాచర్ల చరిత్ర రాసేవాళ్లు శాసనాల కోసం వెతికినంత శ్రద్ధగా ఇప్పుడు చేతుల్లో ఉన్న కత్తుల కొలతలు, పేర్లు, వాటితో చేసే పనులు రాసి పెట్టాలి.