శ్రీశైలం నడకదారి

నల్లమల అడవిలోంచి మల్లన్న సన్నిధికి చేరే పాత కొండదారి. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంలో మొదలై నాగలూటి, పెచ్చెరువు మీదుగా సాగుతుంది. భీముని కొలను లోయలోకి దిగి, మళ్ళీ కైలాసద్వారానికి ఎక్కడమే అసలు పరీక్ష. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి ఈ క్షేత్రానికి మెట్లు కట్టించాడు.

1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఈ దారినే శ్రీశైలం చేరాడు. ఆ తర్వాత హైదరాబాదు, సికింద్రాబాదు చూసి ఉత్తరానికి సాగాడు. ఆ వివరాలు ఆయన రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఉన్నాయి. ఆయనది పల్లకీ ప్రయాణం.

మహాశివరాత్రికి తెలుగువారు, ఉగాదికి కన్నడ భక్తులు వేలాదిగా నడుస్తారు. ఈ అడవి పులుల అభయారణ్యం కనుక మిగతా రోజుల్లో అటవీశాఖ అనుమతి లేనిదే అడుగుపెట్టకూడదు.