బరువు మోయని ఎద్దు

నేనేం పని చేస్తానో మా ఇంట్లో వాళ్ళకి ఇప్పటికీ సరిగ్గా తెలీదు. "లారీల ఆఫీసా?" అంటారు. దాదాపు అంతే. సరుకెక్కిన లారీ ఎక్కడుంది, ఎప్పుడు చేరుతుంది, ఎందుకు ఆలస్యమైంది అన్నవి చెప్పే సాఫ్ట్‌వేర్ రాస్తాం. మిర్యాలగూడ మిల్లుల బియ్యమైనా, జడ్చర్ల మీదుగా బెంగళూరు పోయే మందుల పెట్టెలైనా మా తెరమీద ఒక చుక్క. చుక్క కదిలితే పచ్చ, ఆగితే ఎరుపు. ఎర్రబడితే రాత్రి రెండింటికైనా ఎవరో ఒకరి ఫోన్ మోగుతుంది. ఓ ఏడాదిపాటు ఆ ఎవరో ఒకరు ఎక్కువగా నేనే. చివరికి మోగని ఫోన్ కూడా మోగినట్టు వినిపించేది. గుండెదడ అని డాక్టరు దగ్గరికి పోతే గుండె బాగానే ఉంది, నిద్రే బాలేదన్నాడు.

నిద్ర పట్టని రాత్రుళ్ళు నేను చదివింది సరుకు రవాణా చరిత్ర. (నవ్వకండి, ఎవరి పిచ్చి వాళ్ళకానందం.) మా నల్లగొండ, పాలమూరు దిక్కు తండాలు లేని మండలం అరుదు. లంబాడీలంటే కూలీకి పోయేవాళ్ళు, వలస పోయేవాళ్ళు అనే చాలామందికి తెలుసు. కానీ రైళ్ళు రాకముందు దక్కన్ అంతటికీ లాజిస్టిక్స్ కంపెనీ వాళ్ళే. లంబాడీ అన్న మాట లవణం నుంచి వచ్చిందనే వాదన కూడా ఒకటుంది.

17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఇక్కడి దారుల గురించి రాశాడు. గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే దారి మా జిల్లా మీదుగానే పోయేది. గుట్టలు, చెరువులు, వాగులు అడ్డం కాబట్టి దాంట్లో బండ్లు నడవవంటాడు. తను వజ్రాల గనికి ఒక చిన్న బండి తీసుకుపోయి, కష్టమైన చోటల్లా దాన్ని ఊడదీసి దాటించాల్సి వచ్చిందట. అలాంటి దారిలో సరుకు పోవాలంటే ఎద్దు వీపు తప్ప గతిలేదు. పది పన్నెండు వేల ఎద్దుల బిడారులు ఉండేవనీ, ఇరుకు దారిలో ఎదురైతే అవన్నీ దాటేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదనీ ఆయనే రాశాడు. ఇంకో సంగతి: వాళ్ళలో నాలుగు తెగలు, ఒక్కో తెగకు ఒక్కటే సరుకు. ధాన్యం, బియ్యం, పప్పులు, ఉప్పు. మనం ఇప్పుడు సర్వీసులు విడగొట్టినట్టు అన్నమాట.

1632లో ఉత్తరాదిన పీటర్ మండీ అనే ఇంగ్లీషువాడికి 14,000 ఎద్దుల తండా ఎదురైంది. రోజుకు ఆరేడు మైళ్ళకు మించి నడవరని రాసుకున్నాడు. మన ఈ-వే బిల్లుకు 2021 నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. వాళ్ళ లెక్కన ఆ దూరానికి కనీసం పద్దెనిమిది రోజులు పడతాయి!

అయితే వాళ్ళకి ఒత్తిడి లేదనుకోవద్దు. వాళ్ళ పెద్ద ఖాతాదారు సైన్యం. షాజహాను కాలంలో ఆసఫ్ ఖాన్ దండయాత్రకు భంగీ, జంగీ నాయకులు తిండిగింజలు మోశారనీ, అందుకు ప్రతిగా ఒక రాగిరేకు మీద హక్కులు రాయించి ఇచ్చారనీ బంజారాల్లో ఒక కథ ఉంది. కుండల్లో నీళ్ళు, ఇళ్ళకప్పు మీది గడ్డి తీసుకోవచ్చట. రోజుకు మూడు హత్యలైనా మాఫీ అట! కథ ఎంత నిజమైనా, సరుకు ఆగితే యుద్ధం ఆగుతుందన్న భయం దాంట్లో కనిపిస్తుంది. 1799లో శ్రీరంగపట్నం మీదికి పోయిన కంపెనీ, నిజాం సైన్యాలు కూడా తిండికి వీళ్ళనే నమ్ముకున్నాయి.

మరి ఆ భయాన్ని వాళ్ళెలా మోశారు? 1882లో కంబర్లెజ్ అనే అధికారి బేరారు బంజారాల గురించి రాసినదాంట్లో నాకు జవాబు లాంటిది దొరికింది. తండాలో హటాడియా అనే ఒక ఎద్దు ఉండేది. దేవుడికి ఇచ్చిన ఎద్దు. ఎర్ర పట్టు, గంటలు కట్టేవాళ్ళు, బరువు మాత్రం ఎప్పుడూ ఎత్తేవాళ్ళు కాదు. అది బిడారుతోపాటే నడిచేది. అలిసి ఎక్కడ పడుకుంటే ఆ రోజుకు మజిలీ అక్కడే. మనిషికి గానీ పశువుకు గానీ జబ్బు చేస్తే దాని కాళ్ళ దగ్గరే మొక్కేవాళ్ళు.

దీన్ని మూఢనమ్మకం అని పక్కన పెట్టొచ్చు. నాకైతే మంచి డిజైన్ అనిపించింది. ఎప్పుడు ఆగాలో చెప్పే అధికారం సరుకు యజమానికి లేదు, నాయకుడికీ లేదు, అలసటకే ఉంది. ఆగినందుకు ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

మా టీములో ఈ కథ చెప్పి ఒక పద్ధతి అడిగాను. రాత్రి ఫోన్ ఎవరి వంతో ఆ వారం వాళ్ళకి వేరే పని ఏదీ ఉండకూడదు, వాళ్ళు చాలన్నప్పుడు ఇంకొకరు అందుకోవాలి. మేనేజరు రెండు నెలలు సాగదీసి ఒప్పుకున్నాడు. దడ పూర్తిగా పోలేదు. నిద్ర మాత్రం వచ్చింది.

కథ ఇక్కడ ఆపితే అబద్ధమవుతుంది. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది, బంజారాలను చాలాచోట్ల పుట్టు నేరస్తుల కింద రాశారు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. ఉప్పు రైలెక్కింది, ఎద్దు దిగింది. ఆ చట్టం 1952లో రద్దయింది, తెలంగాణ లంబాడీలను ఎస్టీల్లో చేర్చేసరికి 1970ల చివర్లోకి వచ్చాం. తండాలు గ్రామ పంచాయతీలు అయ్యింది 2018 చట్టంతో. బతుకుతెరువే పోయిన మనిషి ఆందోళనకు నా రోస్టరు మందు కాదు, ఆ సంగతి నాకు తెలుసు.

కానీ ఈ రోజు లారీ తోలేవాడి సంగతి మన చేతిలోదే. అయిదు గంటల పనికి కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని 1961 మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టంలోనే రాశారు. మా తెరమీద మాత్రం నకిరేకల్ దగ్గర టీకి ఆగినా ఎరుపే. నాకు వంతులేసుకోవడానికి టీముంది, అతనికెవరున్నారు? అందుకే వచ్చే రిలీజులో విశ్రాంతికి ఒక రంగు పెట్టమని పోరుతున్నాను. ఏ రంగో ఇంకా తేలలేదు. ఎరుపు మాత్రం కాదు.