వేడినీటి బ్యాక్టీరియా పొరలు: ద్రవత్వం ఒక్కటే చాలదు

1969లో థామస్ బ్రాక్, హడ్సన్ ఫ్రీజ్ అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి ఊటల నుంచి వేరుచేసిన థెర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాను లోకానికి పరిచయం చేశారు. 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇది హాయిగా పెరుగుతుంది, 79 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది. దీని నుంచి తీసిన డీఎన్ఏ పాలిమరేజ్ ఎంజైము పీసీఆర్ పద్ధతికి ప్రాణంగా మారడంతో, వేడిని తట్టుకునే రహస్యమంతా ప్రోటీన్లలోనే ఉందన్న భావన బలపడింది. కానీ ప్రోటీన్లు ఎంత గట్టివైనా వాటిని ఒకచోట పట్టి ఉంచే కణత్వచం నిలవకపోతే కణమే ఉండదు. ఆ పొర మందం నాలుగైదు నానోమీటర్లే. దాని అనుకూలనాన్ని మన పాఠ్యపుస్తకాలు ద్రవత్వం గురించిన కథగా చెబుతాయి. అది నిజమే, కానీ సగం నిజం. వేడిలో కణానికి అసలు ముప్పు పొర కరగడం కన్నా ముందే, పొరగుండా ప్రోటాన్లు కారిపోవడం నుంచి వస్తుందని ఈ వ్యాసం వాదిస్తుంది.

ముందు ద్రవత్వం సంగతి చూద్దాం. బ్యాక్టీరియా పొరలో గ్లిసరాల్‌కు రెండేసి కొవ్వు ఆమ్లాలు ఎస్టర్ బంధాలతో అతుక్కుని ఉంటాయి. ఆ తోకలు సంతృప్తమైతే ఒకదానికొకటి ఒరిగి బిగుసుకుంటాయి. ద్విబంధాలుంటే వంపు తిరిగి ఎడం పాటిస్తాయి. చలికాలంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి, పక్కనే నువ్వులనూనె జారుగా ఉండటానికి ప్రధాన కారణం ఇదే. 1974లో మైకేల్ సినెన్‌స్కీ ఇ.కోలై బ్యాక్టీరియాను 15 నుంచి 43 డిగ్రీల మధ్య వేర్వేరు ఉష్ణోగ్రతల్లో పెంచి, పొర లిపిడ్ల స్నిగ్ధతను కొలిచాడు. ఏ వేడిలో పెరిగిన కణమైనా ఆ వేడి దగ్గర దాదాపు ఒకే స్నిగ్ధత చూపింది. వేడి పెరిగినకొద్దీ కణం సంతృప్త ఆమ్లాల వాటాను పెంచుకుంటూ ఈ సమతూకాన్ని కాపాడుకుంటుందన్నమాట.

థెర్మస్ పొర మరో దారి తొక్కింది. దాని కొవ్వు ఆమ్లాల్లో ఎక్కువ భాగం శాఖలున్నవి. 15 లేదా 17 కార్బన్ల ఐసో ఆమ్లాలు ప్రధానం. ఐసో ఆమ్లంలో తోక చివరి నుంచి రెండో కార్బన్ మీద ఒక మిథైల్ సమూహం ఉంటుంది. ఆంటిఐసోలో అది మూడో కార్బన్ మీదకు జరుగుతుంది. తేడా ఇంతే. కానీ ఫలితం చూడండి: 15 కార్బన్ల ఐసో ఆమ్లం సుమారు 52 డిగ్రీల దగ్గర కరిగితే, అదే బరువున్న ఆంటిఐసో ఆమ్లం 23 డిగ్రీలకే కరుగుతుంది. ఒక మిథైల్ ఒక్క అడుగు జరిగినందుకు దాదాపు 30 డిగ్రీల తేడా! ఈ రెండింటికీ మూలం అమైనో ఆమ్లాలే. ఐసో ఆమ్లం లూసిన్ నుంచి, ఆంటిఐసో ఐసోల్యూసిన్ నుంచి మొదలవుతాయి. కాబట్టి ఏ ముడిసరుకుతో తోకను మొదలుపెట్టాలన్న ఎంపికే పొర గుణాన్ని మార్చేస్తుంది. 1971లో రే, వైట్, బ్రాక్ ఈ బ్యాక్టీరియాను 50 నుంచి 75 డిగ్రీల దాకా పెంచి చూసినప్పుడు, అధిక ద్రవీభవన స్థానమున్న ఆమ్లాల వాటా పెరగడం గమనించారు. ఐసో తోకల్లో ద్విబంధం లేదు గనక ఆక్సీకరణ భయం తక్కువ. నేరు తోకలంత బిగుతుగా అల్లుకోవు గనక పొర బిరుసెక్కదు కూడా. నా దృష్టిలో ఇది ఉష్ణప్రియ బ్యాక్టీరియా చేసిన అత్యంత పొదుపైన ఏర్పాటు.

ఇక్కడితో ఆగితే ఆలిసైక్లోబాసిల్లస్ ఆసిడోకాల్డేరియస్ అనే బ్యాక్టీరియా మనకు అర్థం కాదు. ఇది 60 డిగ్రీల వేడిలో, పీహెచ్ 3 ఆమ్లంలో జీవిస్తుంది. దాని తోకల చివర సైక్లోహెక్సేన్ వలయాలుంటాయి, పొర నిండా హోపనాయిడ్లు అనే బహువలయ లిపిడ్లుంటాయి. బయట ఉన్న ప్రోటాన్ల గాఢత లోపలికన్నా వెయ్యి రెట్ల స్థాయిలో ఎక్కువ. అలాంటిచోట పొర ఎంత జారుగా ఉందన్నదానికన్నా, ఎంత కారుతోందన్నదే జీవన్మరణ సమస్య.

ఎందుకంటే కణానికి శక్తి ఆ తేడా నుంచే వస్తుంది. 1961లో పీటర్ మిచెల్ ప్రతిపాదించినట్టు, ప్రోటాన్లను బయటికి తోసి, అవి తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఏటీపీని తయారుచేసుకోవడం జీవుల ప్రాథమిక పద్ధతి. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కోనింగ్స్, డ్రీసెన్, వాన్ డి వోసెన్‌బర్గ్ బృందం 1990ల మధ్యలో రకరకాల జీవుల లిపిడ్లతో లైపోసోములు (కృత్రిమ లిపిడ్ బుడగలు) చేసి ప్రోటాన్ పారగమ్యతను కొలిచింది. చలి ఇష్టపడే బ్యాక్టీరియా నుంచి వేడిలో బతికే ఆర్కియా (బ్యాక్టీరియా కాని మరో ఏకకణ జీవుల వర్గం) దాకా, తాము పెరిగే ఉష్ణోగ్రత దగ్గర చాలా జీవుల పొరలు ఇంచుమించు ఒకే స్థాయిలో ప్రోటాన్లను కట్టడి చేశాయి. ఈ పట్టు తప్పినవి ఉష్ణప్రియ బ్యాక్టీరియానే! వాటిలో ఒకటైన బాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ ఆ కారుడు నష్టాన్ని శ్వాసక్రియ వేగం పెంచి పూడ్చుకుంటుంది. కారినంత మేరా మళ్లీ తోడిపోస్తుంది.

న్యూజిలాండ్ వేడినీటి ఊటలో దొరికిన క్లోస్ట్రీడియం ఫెర్విడస్ కథ ఇంకా ఆసక్తికరం. శ్వాసక్రియ లేకుండా కిణ్వనంతో బతికే ఈ జీవికి అంత తోడిపోసే స్తోమత లేదు. దాంతో అది ప్రోటాన్లనే వదిలేసి, శక్తి మారకానికి సోడియం అయాన్లను వాడుకుంటుంది. లిపిడ్ పొరగుండా సోడియం ప్రోటాన్లకన్నా ఎన్నో రెట్లు నెమ్మదిగా కారుతుంది. అయితే ఈ వెసులుబాటుకు మూల్యం ఉంది. లోపలి పీహెచ్‌ను నిలబెట్టుకోలేని ఈ బ్యాక్టీరియా తటస్థానికి దగ్గరి ఇరుకు పరిధిలోనే పెరగగలదు. ద్రవత్వ సిద్ధాంతం ఒక్కదానితో ఈ జీవిని ఎవరూ వివరించలేరు.

1986లో ఇటలీలోని వుల్కానో దీవి వేడి సముద్ర మట్టి నుంచి వెలుగులోకి వచ్చిన థెర్మోటోగా మారిటిమా అనే బ్యాక్టీరియా 90 డిగ్రీల దాకా పెరుగుతుంది. దాని పొరలో డయబోలిక్ ఆమ్లం ఉంది. పొర రెండు వైపులా ఎదురెదురుగా ఉండే 16 కార్బన్ల తోకలు, చివరినుంచి రెండో కార్బన్ల దగ్గర ఒకదానికొకటి అతుక్కుని, ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒకే గొలుసుగా మారతాయి. అంటే ఆ చోట పొర రెండు వైపులూ విడివడే అవకాశమే లేదు. ఈథర్ బంధాలున్న లిపిడ్లు కూడా ఇందులో దొరికాయి. పొరను ఆసాంతం దాటే గొలుసులు, ఈథర్ బంధాలు ఆర్కియాకే సొంతమన్నది పాత నమ్మకం. ఆ హద్దు ఇక్కడ చెరిగిపోయింది. ఈథర్ బంధం గట్టిదే అయినా, అది వేడి కోసమే పుట్టిందనడం తొందరపాటు. చల్లని సముద్రాల్లోని ఆర్కియాకూ అదే ఉంది. ఇంత కట్టుదిట్టం చేసుకున్నా థెర్మోటోగా లిపిడ్లు ప్రోటాన్లను పూర్తిగా ఆపలేవు. దాని ఏటీపీ సింథేజ్ కూడా సోడియంతోనే నడవడం ఈ దృష్టితో చూస్తే యాదృచ్ఛికం కాదు.

2022లో ఒక బృందం బ్యాక్టీరియాలో తోకలను కలిపే ఎంజైమునూ, ఈథర్ బంధాన్ని ఏర్పరిచే ఎంజైములనూ గుర్తించింది. కాబట్టి ఇక ఊహలతో పనిలేదు. ఆ జన్యువులను ఇ.కోలైలో పలికించి, అందులో తయారైన లిపిడ్లతో లైపోసోములు చేసి, వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర స్నిగ్ధతనూ ప్రోటాన్ పారగమ్యతనూ ఒకే నమూనాలో విడివిడిగా కొలవాలి. ఇంతకాలం చాలా పరిశోధనలు మొదటిదాన్ని కొలిచి రెండోదాన్ని ఊహించాయి.